సాగర్ వెనక నీళ్ల ఒడ్డున ఆగిపోయిన: ఒంటరి కయాక్ ప్రయాణంలో గాలి తగ్గేదాకా ఎట్లా కూర్చోవాలె?

పాలమూరు_తెడ్డు | మంగళవారం, రాత్రి 8:20

అందరికీ నమస్తే. నాది పాలమూరు. పదిహేడు అడుగుల సముద్రపు కయాక్ ఏసుకుని కృష్ణ వెంట ఒక్కడినే బయలుదేరిన. ఆలంపూర్ దిగువన తుంగభద్ర కలిసే చోట నీళ్లలో దిగిన. ఈ కాలంలో సంగమేశ్వరం గుడి నీళ్ల కిందే ఉంటది, శిఖరం కూడా కనపడలే. దండం పెట్టుకుని ముందుకు పోయిన. సోమశిల దాకా ఎండ తప్ప ఇంకో ఇబ్బంది లేకుండె. సోమశిల దాటితే నల్లమల, రెండు ఒడ్లా పులుల అభయారణ్యం, రాత్రి దిగనియ్యరు. అందుకని అక్కడ కయాక్ పైకి తీసి, ట్రాలీ ఆటో మీద కట్టుకుని, అచ్చంపేట, డిండి, దేవరకొండ మీదుగా సాగర్ వెనక నీళ్ల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ అనే ఊరికి వచ్చిన. ఇక్కడి నుంచి సాగర్ డ్యామ్, ఆ తర్వాత పులిచింతల, బెజవాడ, ఆఖరికి హంసలదీవి దగ్గర సముద్రం. ఇదీ అనుకున్నది.

ఆదివారం సాయంత్రం వచ్చి ఒడ్డున డేరా ఏసిన. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నరు, సరే అనుకున్న. సోమవారం తెల్లారేసరికి ఈశాన్యం నుంచి ఒకటే గాలి, మధ్యమధ్యల జల్లు. ఎదురుంగ ఉన్న గుట్టలు పావుగంట కనపడుతయి, పావుగంట మాయమైతయి. తెడ్డుకు ఎర్రగుడ్డ పేలిక కట్టి ఇసుకలో పాతిన. రెండు రోజులసంది అది కిందికి వాలలే.

తిండికి తిప్పల్లేదు. ఇంటి నుంచి తెచ్చిన ఎండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, అటుకులు ఉన్నయి. కాలనీలో చేపలు ఉండనే ఉన్నయి. తిప్పలంతా మనసుతోనే. పొద్దున లేస్తనే పేలికను చూసుడు, ఫోన్‌లో వాతావరణం చూసుడు, మళ్లీ పేలికను చూసుడు. తెడ్డు ఏస్తే ఇంత అలసట రాదు.

మీలో ఇట్లా ఆగినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పుండ్రి. ఎట్లా కూర్చుంటరు? ఎప్పుడు కదలాలో దేన్ని చూసి తేల్చుకుంటరు?

ఇంకోటి. ఆదివారం రాత్రి రెండింటికి మెలకువ వస్తే కాళ్ల కింద తడి. డేరా అంచుదాకా నీళ్లొచ్చినయి. అప్పటికి వాన చుక్క కూడా పడలే. గాలి కూడా లేదు. ఇది ఎట్లైందో ఇప్పటికీ సమజైతలేదు.

---

నీటిమట్టం_590 | మంగళవారం, రాత్రి 8:55

మీ చివరి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. సాగునీటి శాఖలో ముప్పై ఏళ్లు చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి.

పైన శ్రీశైలం నుంచి నీళ్లు వచ్చాయి. గేట్లే ఎత్తక్కర్లేదు, విద్యుత్ కేంద్రాలు నడిచినా వస్తాయి. లెక్క చూడండి. సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీళ్లు పరుచుకునే వైశాల్యం దాదాపు 285 చదరపు కిలోమీటర్లు. అంత వైశాల్యం మీద ఒక అడుగు పెరగాలంటే మూడు టీఎంసీల చిల్లర కావాలి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. అంటే మీరు రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేచే ఎనిమిది గంటల్లో, కింద బయటికి వదలకుండా ఉంటే, సుమారు ఒక అడుగు పెరుగుతుంది. నిలువునా అడుగే. కానీ మీరు ఉన్నది వాలు తక్కువగా ఉన్న ఒండ్రు ఒడ్డు. అక్కడ నిలువునా అడుగు అంటే అడ్డంగా పది పదిహేను అడుగులు లోపలికి వచ్చేస్తుంది.

వాన లేకపోయినా, గాలి లేకపోయినా, ఆకాశంలో చుక్కలు కనిపిస్తున్నా నీళ్లు పెరుగుతాయి. సముద్రంలో పోటు ఎంతసేపటికి వస్తుందో పంచాంగం చూసి చెప్పొచ్చు. జలాశయంలో పోటు కరెంటు అవసరాన్ని బట్టి, ఎగువ వరదను బట్టి వస్తుంది. కాబట్టి ఒడ్డున చెత్త, ఎండుపుల్లలు గీత గీసినట్టు ఆగి ఉన్న చోటు వెతకండి. అదే నీళ్లు ఈమధ్య వచ్చి తాకిన హద్దు. డేరా దానికి బాగా పైన ఉండాలి, కయాక్ ఇంకా పైన. పూర్తి మట్టం 590 అడుగులు. ఈసారి ఇప్పటికే దాదాపు నిండింది.

---

పాలమూరు_తెడ్డు | మంగళవారం, రాత్రి 9:10

సార్, మీకు శతకోటి దండాలు. ఆ చెత్త గీత నేను చూసిన. దానికి కిందనే ఏసిన డేరా, మెత్తగ ఉందని. తప్పు నాదే. ఇప్పుడు కాలనీ పెద్దాయన ఒకాయన వలలు పెట్టుకునే రేకుల కొట్టం పక్కన చోటిచ్చిండు, అక్కడికి మారిన.

---

కొల్లాపూర్_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:40

బాబూ, నేను కొల్లాపూర్ వైపు బడిలో చెప్పి రిటైరైన వాణ్ణి. మీ ప్రశ్న చదవగానే నాకు 2007 జనవరి గుర్తొచ్చింది. నెహ్రూనగర్ నుంచి మంచాలకట్టకు కృష్ణ దాటుతున్న పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. మా వైపు ఊళ్లలో ఆ సంగతి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. కృష్ణను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లకు కూడా ఈ వెనక నీళ్లు కొత్త నీళ్లే. పాత నది లోతు తెలుసు, సుడి తెలుసు, రేవు తెలుసు. డ్యామ్ కట్టాక ఊళ్లు మునిగాయి, నది వెడల్పు మైళ్లయింది. ఆ వెడల్పులో గాలి ఏం చేస్తుందో తెలియడానికి మనకు రెండు తరాలు కూడా సరిపోలేదు.

లైఫ్ జాకెట్ రాత్రి తలకింద పెట్టుకుని పడుకుంటున్నావా, పగలు ఒంటి మీద ఉంటున్నదా? అది ముందు చెప్పు.

---

పాలమూరు_తెడ్డు | మంగళవారం, రాత్రి 9:52

ఒంటి మీదనే ఉంటది మాస్టారు. ఒడ్డున నీళ్లు ముంచుకునేటప్పుడు కూడా.

---

ఓడసరంగు_సూర్యాపేట | మంగళవారం, రాత్రి 11:05

తమ్ముడూ, నాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో తిరిగాను, ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నాను. కయాక్ కూడా కొన్నాను, కాకినాడ, భీమిలి వైపు సముద్రంలో వేస్తుంటాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు. నీకు ఇప్పుడు ఓపికే కదా కావాల్సింది.

దేన్ని చూసి తేల్చుకోవాలి అన్నావు. మనసును మాత్రం చూడకు. మూడో రోజుకు మనసు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. నిన్నటి గాలే ఇవాళ తగ్గినట్టు కనపడుతుంది, ఎందుకంటే చెవులు అలవాటు పడతాయి. అందుకే హద్దు ముందే, ఇంట్లో ఉన్నప్పుడే, కడుపు నిండా తిని కూర్చున్నప్పుడు రాసుకోవాలి. నా హద్దు నా కయాక్ మూత లోపల చెరగని సిరాతో రాసి ఉంటుంది: నీళ్ల మీద తెల్ల నురగలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే ఒడ్డు వెంట వెళ్లొచ్చు, నురగలు ఎటు చూసినా ఉంటే ఆగాలి. ఓడల్లో వాడే బ్యూఫోర్ట్ కొలతలో నాలుగో అంకె అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, నురగలు బాగా కనపడేది అక్కడి నుంచే. అయిదు అంటే 29 నుంచి 38. అయిదులో నేను ఒంటరిగా దిగను. తోడు ఉంటే అది వేరే మాట.

ఇంకో లెక్క ఉంది. గాలి వేగం రెండింతలైతే అది నిన్ను తోసే బలం నాలుగింతలు అవుతుంది. నువ్వు రోజంతా నిలకడగా తెడ్డు వేస్తే గంటకు ఆరు కిలోమీటర్లు పోతావేమో. పదిహేను కిలోమీటర్ల ఎదురుగాలికి అది నాలుగవుతుంది. ముప్పైకి నువ్వు ఉన్న చోటే ఉంటావు, చేతులు మాత్రం అయిపోతాయి.

ఇప్పుడు నీ దగ్గర ఉన్న అసలు ప్రమాదం చెప్తాను. గాలి ఈశాన్యం నుంచి అన్నావు. నువ్వు ఉన్నది ఉత్తరపు ఒడ్డు. అంటే గాలి నీ వెనక నేల మీద నుంచి నీళ్ల మీదకు పోతోంది. నీ ముందు యాభై గజాలు నీళ్లు అద్దంలా ఉండాలి. అవునా?

---

పాలమూరు_తెడ్డు | బుధవారం, ఉదయం 6:15

అవును అన్నా! ఒడ్డు పొంటి నీళ్లు కదలనే కదలవు. అందుకే కదా ఇంత ఆత్రం. ఇంత మంచిగ ఉంటే నేనెందుకు కూర్చున్ననా అనిపిస్తది.

---

బండి_దిగిన_పడవ | బుధవారం, ఉదయం 7:30

నాకైతే వెళ్లొచ్చు అనిపిస్తోంది భయ్యా. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, నల్గొండ మాది. వీకెండ్ కయాకింగ్ చేస్తాను. ఒడ్డుకు ఇరవై గజాల్లోనే పోతే ఏమవుతుంది? తేడా వస్తే పక్కకు తిప్పి ఒడ్డెక్కడమే. మూడు రోజులు కూర్చుంటే ట్రిప్ మొత్తం పాడవుతుంది. అన్నయ్య చెప్పింది సముద్రానికి కరెక్ట్, ఇది రిజర్వాయర్ కదా.

---

ఓడసరంగు_సూర్యాపేట | బుధవారం, ఉదయం 8:10

తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న. అందరికీ వచ్చే ఆలోచన అదే, నాకూ వచ్చింది ఒకప్పుడు. అందుకే వివరంగా చెప్తాను.

అల పెద్దదవడానికి మూడు కావాలి: గాలి బలం, ఆ గాలి ఎంతసేపు వీచింది, నీళ్ల మీద అడ్డం లేకుండా ఎంత దూరం పరిగెత్తింది. ఆ దూరాన్ని ఓడలో ఫెచ్ అంటాం. నేల వైపు నుంచి గాలి వస్తుంటే ఒడ్డు దగ్గర ఆ దూరం సున్నా, అందుకే అద్దం. రెండొందల గజాలు లోపలికి పోతే గరుకు. కిలోమీటరు పోతే నురగలు. ఒడ్డున నిలబడి చూసేవాడికి అలల వీపులే కనపడతాయి, ముఖాలు అవతలి వైపు ఉంటాయి. వీపు ఎప్పుడూ చిన్నగానే కనపడుతుంది.

ఒడ్డు వెంటే పోతే సరే. కానీ ఆ ఒడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉందా? మ్యాప్ చూడు. వాగులు కలిసే ప్రతి చోటా నీళ్లు లోపలికి వేళ్లలా చొచ్చుకుపోయాయి. ఆ పాయ నోరు దాటాలి. గుట్టల మధ్య సందులోంచి గాలి గొట్టంలో ఊదినట్టు వస్తుంది, ఒడ్డు దగ్గర పదిహేను ఉన్న గాలి అక్కడ ముప్పై ఉంటుంది. నోటి మధ్యలో కొట్టిందంటే నిన్ను నడినీళ్లకు తోస్తుంది. వెనక్కి రావాలంటే అదే గాలికి ఎదురెళ్లాలి. రాత్రి చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకో. సముద్రంలో కయాక్ వాళ్లు కొట్టుకుపోయేది పెద్ద అలలు ఉన్న రోజున చాలా తక్కువ. ఒడ్డు దగ్గర అద్దంలా ఉన్న రోజునే ఎక్కువ.

పాయ లోపలికంటా పోయి చివర చుట్టి రావచ్చు, ఓపిక ఉంటే. ఒక్కో పాయకు గంటలు పడుతుంది. అది కూడా ఒక పద్ధతే, కాదనను.

రిజర్వాయర్ అలలు సముద్రపు అలలకన్నా పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి దగ్గరగా వస్తాయి. పదిహేడు అడుగుల పడవ ముక్కు ఒక అలలో, తోక ఇంకో అలలో ఉంటుంది. నాకు సముద్రంలో మీటరు ఎత్తు ఉబ్బు, అంటే దూరం నుంచి వచ్చే పొడుగాటి నున్నటి అల, నయం, వెనక నీళ్లలో రెండడుగుల అలకన్నా.

---

నేరేడుగొమ్ము_వల | బుధవారం, మధ్యాహ్నం 2:05

నేను ఇక్కడోణ్ణే. మా తాతలు సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయిండ్రు, అందుకే ఊరికి వైజాగ్ కాలనీ అని పేరు. పాలమూరు అన్న ఏం రాయలే గాని, ఇయ్యాల పన్నెండింటికి ఏమైందో నేను రాస్త. ఆయన తర్వాత తిట్టినా సరే.

పొద్దున పదకొండుకు ఎండ పొడ వచ్చింది. అన్న సామాను మొత్తం సర్దిండు. బ్యాగులు లోపల పెట్టి మూతలు బిగించిండు, కయాక్ లోపలికి నీళ్లు రాకుండ నడుముకు స్కర్ట్ కట్టుకుండు, కయాక్‌లో కూర్చుండు కూడా. ముక్కు నీళ్లలో, తోక ఒడ్డు మీద. మా పెద్దాయన కొట్టంలో వల అల్లుకుంట చూస్తుండు. లేచి వచ్చి, కయాక్ తోక మీద చెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డడు. ఆపలే, తొయ్యలే. "బాబూ, నువ్వు ఒడ్డుని చూత్తన్నావు. నడినీళ్లు చూడు" అన్నడు. తర్వాత వెనక్కి చూపించిండు. మా పడవలన్నీ వరసగా బోర్లించి ఉన్నయి. మూడు రోజులసంది ఒక్కటి కూడా నీళ్లలో పడలే. "ఇయ్యన్నీ ఇక్కడే ఉన్నాయి గదా. మాకు మాత్రం డబ్బు చేదా?" అన్నడు.

అన్న పది నిమిషాలు అట్లనే కూర్చుని నీళ్లను చూసిండు. తర్వాత స్కర్ట్ విప్పిండు. నేను, ఇంకో పిలగాడు కలిసి కయాక్ పైకి మోసినం.

---

పాలమూరు_తెడ్డు | బుధవారం, మధ్యాహ్నం 3:30

తిట్టను తమ్మీ. ఉన్నదున్నట్టే రాసినవ్.

ఆ పది నిమిషాలు ఏం చూసిన్నో చెప్త. ముందు ఏం కనపడలే, ఎండకు నీళ్లు మెరుస్తున్నయి. కళ్లు అలవాటైనంక దూరంగ ఒక గీత కనపడ్డది. గీతకు ఇవతల నీళ్లు లేత రంగు, అవతల ముదురు నీలం. ఆ ముదురు దాంట్ల ఉప్పు చల్లినట్టు తెలుపు. ఒక నురగ పుట్టి ఎంతసేపటికి పోతదో అని లెక్కపెట్టిన, ఆ లోపల పక్కన నాలుగు పుట్టినయి. లెక్కపెట్టుడు కుదరలే. అన్న రాసుకున్న హద్దు అదే కదా, ఎటు చూసినా నురగలుంటే ఆగాలె అని. అప్పుడు దిగిన.

చేతులు వణికినయి అని చెప్పడానికి నామోషీ ఏం లేదు. నేను పోయేటోణ్ణే.

---

పాలమూరు_ఇల్లు (కొత్త సభ్యురాలు) | బుధవారం, సాయంత్రం 4:45

నేను పాలమూరు_తెడ్డు భార్యను. ఇక్కడ రాస్తున్నరని ఆయనే చెప్పిండు, అందుకే ఖాతా తెరిచిన. ఆ పెద్దాయనకు, ఇక్కడ రాసిన అన్నలకు, మాస్టారుకు నా దండాలు.

మా ఇంట్లో ఉన్న పద్ధతి చెప్త, ఇంకెవరికన్నా పనికొస్తదేమో. రోజూ సాయంత్రం 6కు ఒక మెసేజ్, రాత్రి 8కి ఒకటి. దాంట్లో ఎక్కడున్నడు, రేపు ఏ ఒడ్డున దిగుతడు ఉండాలె. రెండూ రాకపోతే భయపడను, సిగ్నల్ లేదనుకుంట. మరుసటి పొద్దున 7 దాకా రాకపోతే ఆయన ఆఖరున ఉన్న ఊళ్లో నంబర్ ఇచ్చిన మనిషికి ఫోన్ చేస్త. అక్కడా తెలవకపోతే 112. ఇదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించిన, మా అత్తమ్మకు కూడా చూపించిన.

తిరిగి వచ్చే తారీఖు మాత్రం ఆయనతోని చెప్పించుకోలే. పోయినేడు సోమశిలకు పోయినప్పుడు, ఆదివారం మా చెల్లె వాళ్లింట్లో ఫంక్షన్ ఉంది, ఆ పొద్దుటికల్లా రావాలె అని నేనే అన్న. ఆ మాటకు కట్టుబడి ఉరుములు ఉరుముతుంటే నీళ్లలో ఉన్నడు. తర్వాత తెలిసి రెండు రోజులు నాకు అన్నం సయించలే. ఈసారి మా పాపకు కూడా "గాలి ఆగినంక నాన్న వస్తడు" అనే చెప్పిన. అది రోజు పొద్దున బాల్కనీలోకి పోయి గాలి చూసి వస్తది.

---

దేవరకొండ_సిస్టర్ | బుధవారం, సాయంత్రం 5:20

పైన అమ్మ రాసింది చదివి కళ్లలో నీళ్లొచ్చాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేస్తున్నాను, అందుకని నా వంతు రెండు మాటలు.

తమ్ముడూ, మూడు రోజులుగా పాదాలు తడిలోనే ఉండి ఉంటాయి. వేళ్ల మధ్య తెల్లగా నానిపోయి ఉందేమో చూసుకో. రాత్రి పూట ఒక జత పొడి సాక్సులు కేవలం పడుకునేటప్పటికే ఉంచు, పగలు ఎంత చలి వేసినా వాటి జోలికి పోకు. నీళ్లు బుడగలు తెర్లేదాకా కాచి తాగు. వరద నీళ్లు కలిసిన కాలం ఇది. కాలికి చిన్న గాయం ఉన్నా బురదలో వట్టి కాళ్లతో తిరగకు. జ్వరం, పిక్కల నొప్పి వస్తే ఇక్కడికి వచ్చెయ్యి, ఆలోచించకు.

ఉరుముల మాట వచ్చింది కాబట్టి: మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే నీళ్లలోంచి బయటికి, ఒంటరి చెట్టు కిందికి కాకుండా పక్కా ఇంట్లోకి. డేరా పిడుగును ఆపదు, రేకుల కొట్టాన్ని కూడా నమ్ముకోవద్దు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిస్తేనే మళ్లీ కదలాలి. మా వైపు పొలాల్లో ఏటా పోతున్నారు, గేదెల్ని తోలుకొస్తూ చెట్టు కింద నిలబడినవాళ్లే ఎక్కువ.

---

ఓడసరంగు_సూర్యాపేట | బుధవారం, రాత్రి 7:15

చెల్లెమ్మ తారీఖు చెప్పించుకోలేదు చూశారా, నేను ఇరవై రెండేళ్లలో నేర్చుకున్నది ఆవిడ ఒక్క ఏడాదిలో పట్టేసింది.

తమ్ముడూ, ఈ రాత్రికి ఒక పని చెయ్యి. అల్పపీడనం తీరం దాటి మనకు దక్షిణంగా పడమరకు పోతోందని చెప్తున్నారు. అట్లా పోయేటప్పుడు గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరుగుతుంది. తిరిగిన గడియ నుంచి నువ్వు ఉన్న ఒడ్డు అద్దంలా ఉండదు. మొత్తం జలాశయం వెడల్పు మీద పరిగెత్తిన అల వచ్చి నీ ఒడ్డునే కొడుతుంది. కయాక్ ఇంకా పైకి లాగి, బోర్లించి, రెండు చోట్ల తాడుతో కట్టు. తెడ్డు ఇసుకలో పాతి ఉంచకు, లోపల పెట్టు. ఖాళీ కయాక్ గాలికి ఎండుటాకులా లేచిపోతుంది, చూశాను.

---

పాలమూరు_తెడ్డు | గురువారం, ఉదయం 5:50

రాత్రి ఒంటిగంటకు తిరిగింది.

ముందు గాలి ఆగిపోయింది. నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఆకు కదలలే. అప్పుడు గనక అన్న మాట చదవకపోయి ఉంటే, గాలి ఆగిపోయింది తెల్లారి పోదాం అని సంబరపడేటోణ్ణి. పది నిమిషాలైంది, ఎదురు ఒడ్డు దిక్కు నుంచి ఒక మోత. ముందు మోత వచ్చింది, తర్వాత గాలి, ఆ తర్వాత కొంచెంసేపటికి అలలు. నిన్న పన్నెండింటికి కయాక్ ముక్కు పెట్టిన చోట ఇప్పుడు మోకాలెత్తు అల విరిగి ఒడ్డు మన్నును కోసుకుపోతుంది. నిన్న పోయి ఉంటే ఈ టైముకు ఏదో ఒక పాయ ఒడ్డున డేరా ఏసుకుని ఉండేటోణ్ణి, తెలియని చోట, చీకట్లో, నీళ్ల అంచుకు.

కట్టిన తాళ్లు గట్టిగనే ఉన్నయి.

---

బండి_దిగిన_పడవ | గురువారం, ఉదయం 9:00

అన్నా, క్షమించు. నేను నిన్న వెళ్లమన్నాను. రాత్రంతా నాకు ఇదే ఆలోచన. పాయల సంగతి నాకు నిజంగా తెలియదు, నేను ఎప్పుడూ ఎండ కాసే రోజు రెండు గంటలు వేసి వచ్చేవాణ్ణే. ఇకమీదట తెలియనిదానికి సలహా ఇవ్వను.

---

పాలమూరు_తెడ్డు | గురువారం, ఉదయం 9:20

అరె, నువ్వు అడిగినవ్ కాబట్టే అన్న పాయల గురించి అంత రాసిండు. నేను నా అంతట అడిగేటోణ్ణి కాదు. సాగర్‌కు వచ్చినంక కలుద్దాం.

---

కొల్లాపూర్_మాస్టారు | గురువారం, ఉదయం 10:30

ఇవాళ మరి ఎట్లా గడుపుతున్నావు బాబూ? నాలుగో రోజు కదా.

---

పాలమూరు_తెడ్డు | గురువారం, సాయంత్రం 4:10

ఈ రోజు బాగ గడిచింది మాస్టారు. రోజును ముక్కలు చేసుకున్న. వాతావరణం పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి తప్ప ఫోన్‌లో చూడొద్దని ఒట్టు పెట్టుకున్న. పొద్దున బ్యాగులన్నీ విప్పి ఆరబెట్టిన. అటుకుల సంచిలోకి తేమ పోయింది, పెనం మీద వేయించిన. కయాక్ అడుగున ఒక బీట కనపడ్డది, గోరు పట్టేంత. సోమశిల రాళ్ల మీద లాగినప్పుడు అయి ఉంటది. ఆగకపోతే చూసేటోణ్ణే కాదు. శుభ్రంగ తుడిచి, ఆరబెట్టి, పట్టీ ఏసిన.

మధ్యాహ్నం పెద్దాయన దగ్గర కూర్చుని వల అల్లుడు నేర్చుకున్న. కన్ను కన్నుకు కొలత కోసం వెదురు బద్ద ఒకటి వాడతడు, చెయ్యి తగిలీ తగిలీ ఆ బద్ద నున్నగ గాజులెక్క అయింది. నేను అల్లిన పది కన్నులు విప్పి మళ్లీ అల్లిండు, ఒక్క మాట అనలే. ఆయనకు తుఫానులు, గాలివానలు అంటే వల బాగు చేసుకునే రోజులు. ఆగిన అనే మాటే ఆయన నోట్లో నుంచి రాలే ఈ నాలుగు రోజులు.

---

ఓడసరంగు_సూర్యాపేట | గురువారం, సాయంత్రం 6:40

ఆ బీట చూడటం నాకు అన్నిటికన్నా సంతోషం.

1932లో జర్మనీలోని ఉల్మ్ దగ్గర డాన్యూబ్‌లో మడత కయాక్ వేసుకుని ఆస్కార్ స్పెక్ అనే ఆయన బయలుదేరాడు. 1939లో ఆస్ట్రేలియా ఉత్తరాన టోరెస్ జలసంధిలోని దీవికి చేరాడు. సుమారు 50,000 కిలోమీటర్లు. మన తూర్పు తీరం వెంట కూడా పోయాడు. మధ్యలో మలేరియా, చిరిగిన పడవ, కొత్త పడవ కోసం ఎదురుచూపులు. ఆయన చేరేసరికి యుద్ధం మొదలైంది, జర్మన్ అని పట్టుకుని నిర్బంధించారు. ఏడేళ్ల ప్రయాణం అంటే ఏడేళ్లు తెడ్డు వేయడం కాదు కదా, ఒడ్డున ఉన్న రోజులు కూడా అందులోవే. ఆస్ట్రేలియా చుట్టూ కయాక్ మీద 1982లో పాల్ కాఫిన్ పూర్తి చేయడానికి 360 రోజులు పట్టింది, 2009లో ఫ్రెయా హాఫ్‌మైస్టర్‌కు 332. వాటిలోనూ డేరాలో పడుకుని గాలి విన్న రోజులు ఉన్నాయి.

నువ్వు హంసలదీవి చేరాక సముద్రంలోకి పోదామనుకుంటే ఒక తేడా గుర్తుపెట్టుకో. ఇక్కడ గాలి ఆగితే కొన్ని గంటల్లో నీళ్లు సర్దుకుంటాయి. సముద్రంలో గాలి ఆగినా ఉబ్బు రెండు మూడు రోజులు ఉంటుంది. అసలు మన దగ్గర గాలే లేకుండా, ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన ఉబ్బు వేల కిలోమీటర్లు వచ్చి ఒడ్డు మీద పడుతుంది. కేరళ వాళ్లు దాన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. దానికి హెచ్చరిక ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ. సముద్రం ఎక్కడ, హైదరాబాద్ ఎక్కడ, కానీ దేశంలోని జాలర్లందరికీ అలల సమాచారం అక్కడి నుంచే పోతుంది. రోజూ చూడటం అలవాటు చేసుకో. సముద్రంలో దిగడం కన్నా ఒడ్డెక్కడం కష్టం. పొద్దున ప్రశాంతంగా దిగిన చోటే సాయంత్రం తలెత్తు అల విరుగుతుంటే ఎక్కడ దిగుతావు? ఆ ప్రశ్నకు జవాబు దిగకముందే ఉండాలి.

---

నీటిమట్టం_590 | గురువారం, రాత్రి 8:30

ఒక సమాచారం. ఎగువన వానలు పడ్డాయి, ప్రవాహం పెరుగుతోంది. సాగర్ నిండుకుండలా ఉంది కాబట్టి గేట్లు ఎత్తే అవకాశం ఉంది. మొత్తం 26 గేట్లు. మీరు డ్యామ్ దాకా రావడానికి దాంతో ఇబ్బంది లేదు, కానీ డ్యామ్‌కు చాలా ముందే, లాంచీలు ఆగే వైపు ఒడ్డెక్కండి. గేట్లు తెరిచి ఉన్నప్పుడు ముందున్న నీళ్లు పైకి నిదానంగానే కనపడతాయి, లోపల లాగుడు ఉంటుంది. కింద నదిలో మాత్రం గేట్లు మూసేదాకా దిగే ఆలోచన వద్దు.

---

పాలమూరు_తెడ్డు | శుక్రవారం, తెల్లవారుజామున 4:50

పేలిక వాలింది.

రెండు గంటల నుంచి చూస్తున్న. గాలి దిక్కే లేదు. టార్చ్ ఏసి చూస్తే ఒడ్డున అల చెయ్యి మందం కూడా లేదు. ఇంకా చీకటే, నడినీళ్లు కనపడవు కాబట్టి వెలుతురు వచ్చేదాకా ఆగుత. పెద్దాయన లేచి చాయ్ పెడుతుండు. వెదురు బద్ద ఒకటి చేతిలో పెట్టిండు, ఆయన వాడేదే. వద్దన్న, వినలే.

---

నేరేడుగొమ్ము_వల | శుక్రవారం, ఉదయం 6:25

ఆరుంబావుకు పోయిండు. మా పడవలు కూడా దిగినయి, మొదటి పాయ నోరు దాటేదాకా రెండు పడవలు పక్కనే పోయినయి. నీళ్లు నూనెలెక్క ఉన్నయి.

---

పాలమూరు_ఇల్లు | శుక్రవారం, సాయంత్రం 6:04

6 గంటల మెసేజ్ వచ్చింది. రెండు పాయలు దాటి ఒక ఊరి రేవులో దిగిండట. పదకొండు దాటినంక గాలి లేస్తే అక్కడనే ఆగిపోయిండట, ఇంకా పొద్దున్నా ముందుకు పోలే.

---

దేవరకొండ_సిస్టర్ | శుక్రవారం, సాయంత్రం 6:30

పాదాలు ఎట్లా ఉన్నాయో అడుగమ్మా.

---

పాలమూరు_ఇల్లు | శుక్రవారం, సాయంత్రం 6:41

అడిగిన అక్కా. పొడి సాక్సులు ఏసుకుండట.

---

పాలమూరు_తెడ్డు | శనివారం, మధ్యాహ్నం 1:15

సాగర్ వచ్చిన. లాంచీ స్టేషన్‌కు బాగ ముందే ఒడ్డెక్కిన, సార్ చెప్పినట్టే. దూరం నుంచే గేట్ల మోత వినపడుతుంది. కయాక్ పైకి తీసి పైలాన్ కాలనీలో తెలిసినాయన ఇంటి వరండాలో పెట్టిన. రోడ్డు మీద జనమే జనం, గేట్లు చూడవచ్చిన కార్లు. నేను కూడా పోయి చూసిన. నేను నిన్న మెల్లగ తెడ్డు ఏసుకుంట వచ్చిన నీళ్లే అవి, అంత ఎత్తు నుంచి పొగలెక్క లేస్తున్నయి.

నీటిమట్టం సార్, గేట్లు మూసిన రోజు ఇక్కడ ఒక్క మాట రాయండి. అప్పటిదాకా ఇక్కడనే ఉంట. అటుకులు ఇంకా నాలుగు పూటలకు ఉన్నయి, వల అల్లుకునే దారం కూడా కొనుక్కున్న.